మరచిన తండ్రికి మనమేమి చూపుదుము?

ధ్యాన భాగములు: ఆదికాండము 37:31–35, 45:25–28, 48:1–20

మన కల్లూరు ప్రాంతములో నేడు ఫోటో లేని యిల్లు అరుదు. పూర్వము ఫోటో తీయించుకొనవలెనన్న ఖమ్మము పోయి, స్టూడియోలో కుర్చీమీద కూర్చుండి, కన్నార్పక ఊపిరి బిగబట్టవలసి యుండెను. పెండ్లినాడు తీసిన ఒక్క పటమే జన్మమంతటికి చాలియుండెను. తరువాత పెండ్లి వీడియో క్యాసెట్లు వచ్చినవి, వాటి వెనుక సీడీలు వచ్చినవి. ఇప్పుడు చంటిబిడ్డ తొలి అడుగు మొదలుకొని తాతగారి సమాధి కార్యక్రమము వరకు సమస్తమును సెల్‌ఫోనులోనే యున్నది. అదే కాలమున మనుష్యుల ఆయుష్షు పెరిగినది. దానితోకూడ ముసలితనపు మరపు రోగమును అనేక గృహములలో కనబడుచున్నది. కన్నకుమారుని చూచి, "బాబూ, మీదే ఊరు?" అని అడుగు తల్లులు మన సంఘములలోను ఉన్నారు.

ఈ రెండును కలిసినచోట ఒక ప్రశ్న పుట్టుచున్నది. మరచిన తల్లిదండ్రులకు ఇంటిలోని ఫోటోలను, వీడియోలను చూపుట మేలా? ఏ రీతిగా చూపిన మేలు, ఏ రీతిగా చూపిన కీడు? దానిలో ఆదరణ యెంత, మోసము యెంత? ఇది వైద్యులకు మాత్రమే విడువదగిన ప్రశ్న కాదు. తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞ (నిర్గమ. 20:12) వారికి జ్ఞాపకశక్తి యున్నంత కాలమే అని చెప్పలేదు గదా! కావున ఈ మాసము దీనినే వాక్యపు వెలుగులో ఆలోచింతము.

ఈ మరపు ఏ పాటిది?

మన గ్రామములలో దీనికి చాదస్తమనియు, మతి చలించినదనియు, కొన్నిచోట్ల దయ్యము పట్టినదనియు పేర్లున్నవి. కొందరు దీనిని శాపమని తలంచి, మంత్రగానియొద్దకు పోవుటయు కలదు. ఇది శాపమును కాదు, దయ్యమును కాదు. మెదడునకు వచ్చు రోగము. 1906లో జర్మనీ దేశపు వైద్యుడైన అలోయిస్ అల్జీమర్ మరణించిన యొక స్త్రీ మెదడును పరీక్షించి, దానిలో కలిగిన మార్పులను తోడి వైద్యుల సభలో వివరించెను. ఆయన పేరే ఆ రోగమునకు నిలిచినది. డిమెన్షియా అనబడు ఈ మరపునకు అల్జీమర్ రోగము ముఖ్య కారణము. మెదడులో రక్తనాళములు చెడుట మొదలగు ఇతర కారణములును కలవు. 2023లో ప్రచురింపబడిన జాతీయ అధ్యయనము ప్రకారము మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, ఇది యున్నట్లు అంచనా. పట్టణములకంటె పల్లెలలోను, పురుషులకంటె స్త్రీలలోను ఇది హెచ్చుగా నున్నదని అదే అధ్యయనము తెలుపుచున్నది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మరచిన ప్రతివారికిని ఈ రోగమే యని తీర్మానింపరాదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము, మనోవ్యధ, కొన్ని మందుల ప్రభావము కూడ ఇట్టి లక్షణములనే పుట్టించును. వాటిలో అనేకము చికిత్సకు లోబడును. రెండు మూడు దినములలోనే హఠాత్తుగా మతి తప్పినయెడల జ్వరమో, మూత్రములో చీమో కారణమై యుండవచ్చును. అది ఆలస్యము చేయరాని సంగతి. గనుక ఫోటోల ఆల్బము తెరువకముందే వైద్యునియొద్దకు తీసికొని పోవలెను.

జ్ఞాపకము ఏ క్రమమున పోవును?

ఈ రోగములో సాధారణముగా నిన్నటివి ముందు పోవును, నాటివి వెనుక పోవును. ఉదయము తిన్న అంబలి మరచిన అవ్వ, తాను కాపురమునకు వచ్చిననాటి ఎడ్లబండి రంగు చెప్పగలదు. బాల్యము మొదలుకొని ముప్పదియేండ్ల ప్రాయము వరకు జరిగినవి మిగిలిన వాటికంటె ఎక్కువ కాలము నిలుచును. పూర్వము ముసలివారు గతమును తలపోయుట మతి సడలుటకు గురుతని వైద్యులే తలంచెడివారు. 1963లో రాబర్ట్ బట్లర్ అను అమెరికా వైద్యుడు ఈ తలంపును ఖండించి, వృద్ధుడు తన బ్రతుకును వెనుకకు తిరిగి చూచుకొనుట సహజమనియు, అవసరమనియు వ్రాసెను. తరువాతి యేండ్లలో పాత పటములు, పాటలు, పనిముట్లు చూపి మాటలాడించు పద్ధతి వృద్ధుల ఆశ్రమములలో వ్యాపించినది.

దీనివలన కలుగు మేలు ఎంత? ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. 2018లో 22 పరిశోధనలను కలిపి పరీక్షించినవారు, ఈ పద్ధతివలన కొందరి మనస్సునకు, మాటకు, జీవితపు తృప్తికి కొంత మేలు కలుగుననియు, అయితే అది స్వల్పమనియు, అందరికి ఒకేరీతిగా కలుగదనియు తేల్చిరి. ఫోటో చూపినంతమాత్రమున రోగము తిరుగదు. పోయిన జ్ఞాపకము మరల మొలవదు. ఇది మందు కాదు, ఇది సహవాసము. ఆ కొలతలోనే దీనిని పట్టుకొనవలెను.

యాకోబునకు చూపబడిన మూడు

ఇప్పుడు వాక్యమువైపు తిరుగుదము. వృద్ధుడైన యాకోబునకు ఆయన బిడ్డలు చూపిన మూడింటిని చూడుడి.

మొదటిది అంగీ. యోసేపును అమ్మివేసిన అన్నలు అతని అంగీని మేకరక్తములో ముంచి తండ్రికి పంపిరి, గుర్తుపట్టుమని అడిగిరి. ఆ అంగీ నిజమైనది. రక్తమును నిజమైనదే. మాట మాత్రము అబద్ధము. అంతకంటె ఆశ్చర్యము, తండ్రి దుఃఖములో మునిగినప్పుడు ఓదార్చుటకు వచ్చినవారు ఆ కుమారులే. ఆ గురుతును వారు ఎవరి మేలుకొరకు చూపిరి? తండ్రి మేలుకొరకు కాదు, తమ తప్పు కప్పుకొనుటకొరకు.

రెండవది బండ్లు. అనేక సంవత్సరముల తరువాత యోసేపు సజీవుడని చెప్పినప్పుడు యాకోబు నమ్మలేదు. మాట విని నమ్మలేని తండ్రి, యోసేపు పంపిన బండ్లను చూచినప్పుడు తెప్పరిల్లెను. కంటికి కనబడు వస్తువు చెవికి వినబడు మాటకంటె లోతుగా పోయినది. అయితే ఆ బండ్లు వట్టి గురుతులు కావు. తండ్రిని కుమారునియొద్దకు చేర్చుటకు వచ్చిన బండ్లు. యోసేపు వాటిని పంపి ఊరకుండలేదు, తానే గోషెనుకు ఎదురేగి, తండ్రి మెడపై వ్రాలి చాలసేపు ఏడ్చెను (ఆది. 46:29).

మూడవది మనుమలు. మరణమునకు సమీపించిన యాకోబు లూజునొద్ద దేవుడు కనబడిన సంగతిని, త్రోవలో రాహేలు మరణించిన సంగతిని చక్కగా చెప్పెను. వెంటనే ఎదుటనున్న బాలురను చూచి వీరెవరని అడిగెను. అది కన్నుల మాంద్యమేగాని మరపు కాదని వాక్యము చెప్పుచున్నది. అయినను ఆ ప్రశ్న నేడు మన యిండ్లలో వినబడు ప్రశ్నయే. యోసేపు ఏమనెను? "నీ మనుమలే తెలియదా?" అనలేదు. "ఇప్పుడేగదా వారి పేర్లు చెప్పితివి" అనలేదు. వారు దేవుడు తనకిచ్చిన కుమారులని మరల చెప్పెను. చెప్పి దగ్గరకు తీసికొని వచ్చెను. ముసలివాడు వారిని కౌగిలించి ముద్దుపెట్టుకొనెను.

ప్రియులారా, మన ఫోటోల ఆల్బమును మనము అంగీవలె వాడుచున్నామా, బండివలె వాడుచున్నామా? మన ప్రశ్నకు మూలమిదియే.

పరీక్ష పెట్టకుడి

అనేక గృహములలో మేము చూచున దేమనగా, చుట్టములు వచ్చినప్పుడు తాతగారి ముఖము ముందు ఫోను పెట్టి, "ఇది ఎవరో చెప్పు తాతా! చెప్పు, చెప్పు!" అని పిల్లలు అడుగుదురు. ఆయన చెప్పలేడు. అందరు నవ్వుదురు. ఆయనయు నవ్వును, కాని ఆ నవ్వులో సిగ్గు ఉన్నది. ఇది ప్రేమతోనే ఆరంభమైనను పరీక్షగా ముగియుచున్నది. తప్పక తప్పుదునని తెలిసిన పరీక్షకు ఎవరు సంతోషముతో కూర్చుందురు?

యోసేపు మాదిరిని అనుసరించి, అడుగుటకు బదులు చెప్పుడి. "నాన్నా, ఇది చెల్లాయి పెండ్లినాటి ఫోటో. ఈ పందిరి నీవే వేయించితివి." అప్పుడు ఆయనకు మాట వచ్చిన రానిండి, రాకున్న మానిండి. ఒకసారికి ఒక్క పటము చాలును. అది పెద్దదై, స్పష్టమై, ఒకరిద్దరి ముఖములే కలదై యుండవలెను. పటము క్రింద పేర్లను పెద్ద అక్షరములతో వ్రాయుడి. ఆయన చదువురానివాడైనను, ఆయనకు అన్నము పెట్టవచ్చిన కోడలికిని, పొరుగామెకును అది ఉపయోగపడును. నిన్న తీసిన ఫోటోలకంటె ఆయన యౌవనకాలపువి మేలు. తన నేటి ముఖమును ఆయన ఎరుగకపోవచ్చును. అద్దములోని తన్ను పరాయివాడనుకొనువారును కలరు. వీడియో అయినయెడల రెండు మూడు నిమిషములు చాలును. తెరమీది మనుష్యులు గదిలోనికే వచ్చినట్లు భయపడుచున్నయెడల వెంటనే ఆపుడి. సంధ్యవేళ అనేకులకు కలవరము హెచ్చును గనుక ఉదయమున చూపుట మంచిది.

"ఎట్లయిన మరచునుగదా!"

కొందరిట్లనెదరు: ఏమి చూపిన నేమి, ఏమన్న నేమి, అర్ధగంటలో మరచునుగదా! ఈ మాటకు తగిన ఉత్తరమున్నది. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు అల్జీమర్ రోగముగల 17 మందికి దుఃఖకరములైనవియు, సంతోషకరములైనవియు చలనచిత్ర భాగములు చూపిరి. కొంచెము సేపటికి తాము చూచినదేమో వారు దాదాపుగా మరచిరి. కాని ఆ దుఃఖము, ఆ సంతోషము వారిలో ఇంకను నిలిచియుండెను. సంగతి పోయినది, దాని రుచి మిగిలినది.

ఇది మనలను భయపెట్టవలెను, ఆదరింపను వలెను. మనము విసుగుతో అన్నమాట ఆమెకు జ్ఞాపకముండదు. ఆ గాయము మాత్రము కారణము తెలియని దుఃఖమై రోజంతయు ఆమెను వెన్నాడవచ్చును. అట్లే పది నిమిషములు ప్రక్కను కూర్చుండి ఒక పటము చూపితిమా, మనము వచ్చినట్లే ఆమె ఎరుగకపోయినను, హృదయములో ఒక వెచ్చదనము మిగులును. మరచువారికి చేసిన మేలు వ్యర్థము కాదు. మరచువారికి చేసిన కీడునకు శిక్ష లేదనుకొనుటయు తగదు.

చనిపోయినవారి పటము

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఇది. అవ్వకు భర్త ఫోటో చూపితిరి. ఆమె ముఖము వికసించినది. వెంటనే, "ఆయన ఇంకను చేనినుండి రాలేదేమి?" అని అడిగినది. ఆయన చనిపోయి పదియేండ్లయినది. ఏమి చెప్పవలెను? చనిపోయెనని చెప్పిన, ఆమెకు అది మొదటిసారి విన్న వార్తయే, గుండె బాదుకొనును. రేపు మరల అడుగును. మరల విధవ యగును. "వచ్చుచున్నాడు" అని చెప్పిన, అది అబద్ధము.

ఊరట కొరకు "చేనికి పోయినాడు" అని చెప్పి నెమ్మదిపరచు కోడండ్రు మన సంఘములలో ఉన్నారు. రాత్రింబవళ్లు పరిచర్య చేయుచున్న ఆ బిడ్డలకు మేము తీర్పు తీర్చము. వారి మాట యాకోబు కుమారుల మాటవంటిది కాదు. అది తమ తప్పును దాచుటకు, ఇది ఆమె కన్నీటిని ఆపుటకు. అయినను అబద్ధమునకును, నిర్దయతో కూడిన నిజమునకును నడుమ మూడవ త్రోవ ఒకటి యున్నదని మేము నమ్ముచున్నాము. ఆమె నిజముగా అడుగుచున్నది ఆయన యున్న స్థలము కాదు. ఒంటరితనము ఆమెచేత ఆ ప్రశ్న అడిగించుచున్నది. కావున, "ఆయనమీద మనస్సు పోయినదా అమ్మా? ఆయన చేనినుండి వచ్చునప్పుడు నీకేమి తెచ్చెడివాడు?" అని అడుగుడి. ఇందులో అబద్ధము లేదు. ఆమె ప్రేమకు చోటు దొరికినది. ఇంతటితో ఊరుకొనక, నిజము తెలియవలెనని ఆమె పట్టుపట్టి అడిగినయెడల, చెయ్యి పట్టుకొని, మెల్లగా, ఒక్కమాటలో నిజమే చెప్పి, ఆమె ఏడుపు ముగియువరకు లేచిపోకుడి. ఆ పటము ప్రతిసారియు దుఃఖమే తెచ్చుచున్నయెడల, దానిని పెట్టెలో పెట్టుట మేలు. మనము ఏ మాట ఎన్నుకొనినను ఈ ప్రశ్న మనలను మనము వేసికొనవలెను: ఇది ఆమె నెమ్మది కొరకా, నేను త్వరగా లేచిపోవుట కొరకా?

దూరమందున్న కుమారుని వీడియో

మన పిల్లలు హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను, అమెరికాలోను ఉన్నారు. 1995లో అమెరికాలో కొందరు పరిశోధకులు, కలవరపడు వృద్ధులకు కుటుంబస్థుల మాటలను రికార్డు చేసి వినిపించు పద్ధతిని వివరించిరి. తరువాత వీడియోలును వచ్చినవి. 2017లో ఈ పరిశోధనలను పరీక్షించినవారు దీని ఫలమునకు చాలినంత రుజువు ఇంకను లేదనిరి. కొందరు నెమ్మదించిరి, కొందరు అధికముగా కలవరపడిరి.

కుమారుని ముఖము చూచుట తల్లికి బండివంటిదే కావచ్చును. అయితే కుమారుడు వాకిట నిలిచినట్లు నటింపక, "అమ్మా, నేను దూరమునుండి మాటలాడుచున్నాను, నిన్ను తలచుకొనుచున్నాను" అని నిజము పలుకనిండు. ఆ వీడియో నడుచునప్పుడు ఎవరో ఒకరు ఆమె ప్రక్కను కూర్చుండనిండు. తెరను ఆమెకు కాపలా పెట్టి అందరును లేచిపోయినయెడల, అది బండి కాదు, రక్తములో ముంచని అంగీ. పంపిన డబ్బును, పంపిన వీడియోయును రాకకు బదులు కానేరవు. యోసేపు ఐగుప్తు నేలువాడైనను తానే ఎదురువచ్చెను.

నోవహు కుమారులు

పటములు చూపుట ఒకటి, వారి పటములు తీయుట వేరొకటి. తాతగారు పంచె ఊడి తిరుగుచుండగా, అవ్వ బొమ్మను బిడ్డయని జోకొట్టుచుండగా, వీడియో తీసి వాట్సాపులో పంపువారు కలరు. నోవహు గుడారములో వస్త్రహీనుడై పడియుండగా ఒక కుమారుడు చూచి బయటివారికి చెప్పెను, ఇద్దరు కుమారులు వెనుకకు నడిచి, ముఖము త్రిప్పుకొని, కప్పిరి (ఆది. 9:20–23). ఈనాటి ఫోను ఏ కుమారుని చేతిలో నున్నది? వైద్యునికి చూపుటకు తీసినది వైద్యునికే చూపుడి. తన్నుతాను కప్పుకొనలేనివానిని మనము కప్పవలెను. అట్లే మతి నిలువనివారి వ్రేలిముద్రను పొలము కాగితములమీద వేయించుకొనుటయు వారిని దిగంబరులను చేయుటయే.

పటము లేని యింట

మన సరిహద్దు ప్రాంతములో పటములే లేని పెద్దలు అనేకులున్నారు. బీదతనమువలన కొందరు ఎన్నడును తీయించుకొనలేదు. 1986 ఆగస్టులో భద్రాచలమునొద్ద గోదావరి 75.6 అడుగులకు లేచినప్పుడు, మరల 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినప్పుడు, ఒడ్డు గ్రామములలో పెట్టెలతోకూడ పటములును తడిసిపోయినవి. వారికేమి చూపుదుము?

ఎమ్మాయు త్రోవలో ఇద్దరు శిష్యులు ప్రభువుతో నడిచియు ఆయన ముఖమును గుర్తుపట్టలేదు. ఆయన రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టిరి (లూకా 24:30–31). ముఖము తెలియనిచోట చేతిపని తెలియును. అడవి అంచున పెరిగిన అవ్వ చేతిలో గుప్పెడు ఇప్పపూలు పెట్టుడి. వాసనయే ఆమెను వేసవి తెల్లవారుజామునకు తీసికొని పోవును. తునికాకు కట్ట కట్టిన చేతులకు ఆకులిచ్చి చూడుడి. విస్తరి కుట్టినామెకు మోదుగాకులును పుల్లలును ఇయ్యుడి. తిరుగలి, చేట, కొడవలి పిడి, పాత కీర్తన రాగము, ఇవన్నియు పటములే.

భాషయును అట్టిదే. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె తోటివారు 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాటలాడువారికి ఈ రోగము సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినట్లు 2013లో ప్రచురించిరి. చదువురానివారిలోను ఈ భేదము కనబడెను. మన కోయ సహోదరులు కోయమాటయు, తెలుగును ఎరిగినవారు. మతి సడలినప్పుడు తరువాత నేర్చిన భాష ముందు జారిపోవుట అనేకులయందు కనబడును. తెలుగులో పలుకరించిన పలుకని తాత, తల్లి పాలతో నేర్చిన మాటకు తిరిగి చూడవచ్చును. ఆ మాట ఎరిగిన మనుమని పిలిపించుడి.

సంఘముకూడ ఒక జ్ఞాపకము. యొర్దానులోనుండి ఎత్తిన పండ్రెండు రాళ్లు, ఆ దాటుటను చూడని పిల్లలు అడుగుటకొరకే నిలువబెట్టబడినవి (యెహో. 4:6–7). మన బాప్తిస్మపు రిజిస్టరులో, వివాహపు రిజిస్టరులో, కూటముల గ్రూపు ఫోటోలలో ఈ పెద్దల దినములు వ్రాయబడి యున్నవి. యౌవనస్థులారా, మీ పెద్దలకు మతి యున్నప్పుడే వారి ప్రక్కను కూర్చుండి, పాత పటములలోనివారి పేర్లడిగి వెనుక వ్రాసియుంచుడి. చెప్పగలవారు పోయిన తరువాత ఆ పటము మూగదగును. పరిచర్యలో అలసిన కుటుంబములు వృద్ధుల సహాయమునకై ప్రభుత్వమువారు నడుపు 14567 నంబరునకు ఫోను చేయవచ్చును. 1992లో కేరళలో ఆరంభమైన అల్జీమర్ సంబంధిత రోగముల సంఘము కూడ ఇట్టి కుటుంబములకు సలహా నిచ్చుచున్నది.

ముగింపు

ఏమి చూపినను చలనము లేని దినము వచ్చును. అప్పుడు ఆ మనుష్యుడు పోయెను, దేహమే మిగిలెనని చెప్పుదుమా? మనుష్యుడు తాను జ్ఞాపకముంచుకొనువాటివలన మనుష్యుడు కాలేదు. తల్లి తన బిడ్డను మరచినను దేవుడు మరువడనియు, తన అరచేతులమీదనే మనలను చెక్కుకొనెననియు (యెష. 49:15–16), తల నెరయువరకు ఎత్తుకొనువాడు ఆయనేయనియు (యెష. 46:4) ప్రవక్త తెలియజేసెను. మన పటములు మాసిపోవును. ఆయన చేతిమీదిది మాయదు.

ఇంకొక సంగతి. యాకోబు చేతులు అడ్డముగా చాచి చిన్నవానిమీద కుడిచెయ్యి పెట్టినప్పుడు, ముసలివాడు పొరబడెనని యోసేపు దిద్దబోయెను. యాకోబు తనకు తెలియుననెను. చూపు పోయినవానికి ఆశీర్వదించుట తెలిసియుండెను. మన యింటి మూలను కూర్చున్న ముసలివారి వణకు చేతులలో మనకు రావలసిన ఆశీర్వాదము ఇంకను ఉన్నదేమో! పటము చూపుటకు పోయిన మనము ఆ చేతులక్రింద తల వంచుట నేర్చుకొందుము గాక. ఆమేన్.